చేలలో కనబడు అడవిపిల్లలు: మన కర్తవ్యము

రబీ జొన్నకోతలు ముగియవచ్చినవి. చెరకు నరకుట సాగుచున్నది. దాళ్వా వరి కంకి తొడుగుచున్నది. వేపచెట్లు చిగిర్చినవి. ఈ మాసములలోనే మన గట్ల మీదను, బీళ్లలోను, వాగుల యొడ్డున గల పొదలలోను పెక్కు అడవి జంతువులు పిల్లలను పెట్టును. పక్షులు గ్రుడ్లు పెట్టి పొదుగును. మన కొడవలియు, వాని పసికూనయు ఒకేచోట కలిసికొను కాలమిది.

మేము గ్రామములకు పోయినప్పుడు విత్తనములను గూర్చియు, పురుగులను గూర్చియు రైతులు ప్రశ్నలడుగుట మామూలు. ఈ ఋతువునందు వానితోపాటు మఱియొక ప్రశ్న తప్పక వచ్చును. ఎవరో యొక బాలుడు తువ్వాలులో చుట్టి ఒక కుందేటిపిల్లనో, జింకపిల్లనో, రెక్కలురాని పక్షిపిల్లనో తెచ్చి మా ముందుంచును. “సారూ, దీనికి ఏ పాలు పోయాల?” అని అడుగును. దానికి మా ప్రత్యుత్తర మొక్కటియే: “ఎక్కడనుండి తెచ్చితివో అక్కడనే పెట్టి రా, నాయనా.” బాలుని ముఖము చిన్నబోవును. పెద్దలు కూడ మమ్ము కఠినులని తలంతురు. అది కాఠిన్యము కాదనియు, పలుమారు దానికంటె వేరు దయ లేదనియు మా అభిప్రాయము. ఆ అభిప్రాయమునకు గల కారణములను సభ్యుల యెదుట నుంచుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట మా తప్పును మేమే ఒప్పుకొందుము. ఇరువది యేండ్ల క్రిందట, ఉద్యోగమున క్రొత్తగా చేరిన దినములలో, ఒక నల్లరేగడి గ్రామమున జొన్నకోత చూచుటకు పోయియుంటిమి. కోత కోయుచున్న స్త్రీలు ఒక్కసారిగా కేకవేసి నిలిచిపోయిరి. జొన్నమొదళ్ల నడుమ కృష్ణజింక పిల్ల యొకటి, మెడ చాచి నేల కంటుకొని పండుకొనియున్నది. దగ్గరకు పోయినను కదలలేదు. కన్నులు మాత్రము మెరయుచున్నవి. తల్లి యెక్కడను కానరాలేదు. “అయ్యో, తల్లి చచ్చినట్లున్నది” అని యొకరనిరి. మేము చదువుకొన్నవారము గదా! తువ్వాలు పఱచి, పిల్లను చుట్టి, మోటారుసైకిలు మీద మా బసకు తెచ్చితిమి. ఆవుపాలు కాచి, చల్లార్చి, సీసాతో పట్టితిమి. మొదటి దినము కొంచెము త్రాగినది. రెండవ దినము పారుడు పట్టుకొన్నది. మూడవ దినము లేవలేదు. నాలుగవనాటి తెల్లవారకమునుపే చచ్చినది.

తరువాతి వారము అదే గ్రామమునకు పోగా, గొఱ్ఱెలు మేపు వృద్ధుడొకడు మమ్ము చూచి దగ్గరకు వచ్చెను. “పిల్ల బాగుండాదా సారూ?” అని యడిగెను. చచ్చినదని చెప్పితిమి. అతడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “దాని తల్లి రెండు పొద్దులు ఆ గట్టు మీదనే తిరిగినాది సారూ. కోసిన చేను వాసన చూసుకుంటా తిరిగినాది” అనెను. మమ్ము నిందింపలేదు. కాని ఆ మాట నేటికిని మా చెవిలో నున్నది. తల్లి చావలేదు. మేమే పిల్లను తల్లి లేనిదానిని చేసితిమి. రక్షించితిమనుకొన్న పని చౌర్యమైనది.

ఏల ఇట్లు జరుగునో తెలిసికొనవలెను. కృష్ణజింక సాధారణముగా ఒక్క పిల్లనే కనును. పుట్టిన పిల్లకు పరుగెత్తు శక్తి యుండదు. నక్కలు, ఊరకుక్కలు, తోడేళ్లు వాసన పట్టి వచ్చును. తల్లి ఎల్లప్పుడు ప్రక్కనే నిలిచియుండినచో పిల్ల యున్నచోటు శత్రువునకు చూపినట్లగును. కావున తల్లి పిల్లను గడ్డిలోనో, పైరులోనో పండుకొనబెట్టి, తాను దూరముగా పోయి మేయును. పాలిచ్చుటకు మాత్రము వచ్చి, మరల తొలగిపోవును. పిల్లయు పుట్టుకతో వచ్చిన తెలివిచేత చప్పుడు చేయక, కదలక, నేలకు కఱచుకొని యుండును. మొదటి కొన్ని దినములు దానికున్న రక్షణ ఈ కదలకుండుటయే. దుప్పిపిల్లయు మొదట ఇట్లే పొదలో దాగియుండును. కుందేటిపిల్లలు కన్నులు తెరచి, ఒంటినిండ బొచ్చుతో పుట్టి, గడ్డిదుబ్బులలో ఒదిగియుండును. తల్లి సామాన్యముగా చీకటి పడిన తరువాత వచ్చి కొద్దిసేపు పాలిచ్చి పోవును. పగలంతయు తల్లి కనబడకుండుట ఆ జాతుల సంసారపద్ధతి. దానిని మనము అనాథత్వమని చదువుచున్నాము.

మేము మిషను పాఠశాలలో చదువుకొనుచుండగా మా తెలుగు పండితులు భాగవతములోని జడభరతుని కథ చెప్పుచుండిరి. రాజ్యము విడిచి తపస్సు చేసికొనుచున్న భరతుడు జింకపిల్ల నొకదానిని పెంచి, దానిపై మమకారము చేత మరుజన్మమున తానును జింకయై పుట్టెనట. పెంచుట తప్పా యని మేము పండితులవారిని అడిగెడివారము. నేడు ఆ కథలోని వేరొక సంగతి మాకు ముఖ్యముగా తోచుచున్నది. సింహగర్జనకు బెదరి తల్లిజింక యేటిపై దుమికి, పిల్లను విడిచి చచ్చినది. భరతుడు ఆ సంగతి కన్నులార చూచెను. నీటిలో కొట్టుకొనిపోవు పిల్లను పట్టెను. అది నిజముగా తల్లి లేని పిల్ల. మన జొన్నచేనిలో పండుకొన్న పిల్లకు తల్లి గలదు. మనము పోవువరకు గట్టు అవతల నిలిచి కాచుకొనుచున్నది. భరతునకు కలిగిన అవసరము మనకు కలుగలేదు.

కావున కోతలో ఇట్టి పిల్ల కనబడినప్పుడు చేయవలసిన పని యేమన: ముట్టవలదు. చుట్టు గుమిగూడవలదు. ఫోటోలు తీయుటకై బాలురను పిలువవలదు. కుక్క వెంట నున్నచో కట్టివేయవలెను. పిల్ల చుట్టు ఐదు గజముల చదరము పైరును కోయక విడిచి, ఒక కఱ్ఱకు గుడ్డపీలిక కట్టి గుర్తుగా నాటి, దూరపు సాళ్లకు పోయి పని సాగింపవలెను. సాయంకాలము మనుష్యులందఱు చేను విడిచి పోవలెను. తల్లి వచ్చుటకు కావలసినది నిశ్శబ్దము. మరునాటి ఉదయమున దూరమునుండి చూడుడు. పెక్కుసార్లు పిల్ల అక్కడ నుండదు. ఇంకను అక్కడనే చురుకుగా నున్నచో తల్లి పాలిచ్చి పోవుచున్నదని గ్రహింపవచ్చును.

కోతయంత్రమో, నిప్పో దగ్గరకు వచ్చుచు, తప్పక తొలగింపవలసి వచ్చినచో, చేతులకు పచ్చిగడ్డి పట్టుకొని మెల్లగా ఎత్తి, అదే చేని యంచున, కనుచూపుమేరలోనే, నీడగల పొదక్రింద పెట్టవలెను. ఇంటికి తేరాదు, పొరుగు చేనికైనను పోరాదు. ఎండవేళ జింకలను తరుముట, పట్టి కట్టివేయుట మిక్కిలి అపాయకరము. ఆ జాతి జంతువులు గాయము లేకున్నను భయముచేతనే, ఒడలు వేడెక్కి కండరములు చెడి చచ్చుట గలదు.

నిజముగా సహాయము కావలసిన పిల్ల యేదో గుర్తించుటకు కొన్ని లక్షణములు గలవు. తల్లి చచ్చి ప్రక్కన పడియుండుట, పిల్ల ఒంటిమీద గాయమో, ఈగలు ముసురుటయో, చీమలు పట్టుటయో కనబడుట, బావిలో పడియుండుట, విడువక అరచుచు తిరుగుట, ఒక పగలును, ఒక రాత్రియు గడచినను అక్కడనే నీరసించి తలవాల్చి యుండుట. ఇట్టి సందర్భమున నీడ చూపి, గాలియాడు పెట్టెలోనో గంపలోనో ఉంచి, పైన పలుచని గుడ్డ కప్పి, వెంటనే అటవీశాఖ వారికి తెలుపవలెను. పాలు పోయరాదు. ఆవుపాలు ఆ పసిపేగులకు ఒప్పకపోవచ్చును. బలవంతముగా నోట పోసినచో ఊపిరితిత్తులలోనికి పోవును. మా చేతిలోని జింకపిల్లకు పట్టిన గతి ఇదియే. ఏ పాలు, ఎంత, ఎన్నిమారులు అనునది పశువైద్యుడు నిర్ణయింపవలసినది.

పక్షుల విషయము కొంచెము వేరు. తీతువుపిట్ట గూడు కట్టదు. బోడినేలమీద, గులకరాళ్ల నడుమ, సాధారణముగా నాలుగు గ్రుడ్లు పెట్టును. అవి మట్టిబెడ్డల వలెనే యుండును. నాగలి దగ్గరకు వచ్చినప్పుడు ఆ పక్షి నెత్తిపై తిరుగుచు అరచును. దాని యరపును అపశకునమని తిట్టువారు గలరు. అది తన గ్రుడ్లు త్రొక్కవలదని వేడుకొను మాటయే. ఆ చోట రెండు మూడు గజములు విడిచి దున్నినచో చాలును. సుమారు 28 మొదలు 30 దినములలో పిల్లలు వెలువడి, కొలది గంటలలోనే నడిచిపోవును. కౌజుపిట్టయు, నెమలియు నేలమీదనే గ్రుడ్లు పెట్టును. నెమలిగ్రుడ్లు తెచ్చి కోడిక్రింద పొదిగించుట కొన్ని యూళ్లలో వేడుక, అది చట్టవిరుద్ధము.

చెట్టునుండి పక్షిపిల్ల క్రింద పడినచో రెండు విధములుగా చూడవలెను. ఈకలు వచ్చి, గెంతుచున్నది యెగురుట నేర్చుకొను పిల్ల. తల్లిదండ్రులు నేలమీదనే దానికి మేత పెట్టును. పిల్లిని, కుక్కను అదలించి, దగ్గరి కొమ్మమీద పెట్టి విడువుడు. ఈకలు రానిది గూటినుండి జారినది. గూడు అందినచో తిరిగి అందులో పెట్టుడు. మనిషి చేయి తగిలిన పిల్లను తల్లి రానీయదని మన గ్రామములలో ఒక నమ్మకము గలదు. అది నిజము కాదు. మన చేతివాసన సోకినంత మాత్రమున పక్షులు పిల్లలను విడువవు. ఈ నమ్మకముచేత ఎన్నియో పిల్లలు గూటికి చేరక చచ్చుచున్నవి. గుడ్లగూబ పిల్లలను చావుపక్షులని రాళ్లు రువ్వు బాలురను తండ్రులు మందలింపవలెను. రాత్రులందు మన వరిగట్లపై ఎలుకలను పట్టు జీతములేని కావలివాడు గుడ్లగూబ.

ఇక చెరకుతోటల సంగతి. చెరకు నరకునప్పుడు చారలు గల పిల్లికూనలు రెండు మూడు కనబడినచో “చిరుతపిల్లలు” అని ఊరంతయు కదలును. అవి తఱచుగా బావురుపిల్లి కూనలు. చిరుతకూనకు ఒంటినిండ మచ్చలుండును. బావురుపిల్లి కూనకు లేత చారలు మాత్రముండి, పెరిగినకొలది మాసిపోవును. బావురుపిల్లి యెలుకలను తిని రైతునకు మేలు చేయు జంతువు. ఏ కూన యైనను మన పని యొక్కటియే: ఆ మూల నరకుట ఆపి, మనుష్యులందఱు తొలగిపోవలెను. చిరుతవో, పులివో అను సంశయ మున్నప్పుడు ఇది మరింత ముఖ్యము. తల్లి దగ్గరనే యుండవచ్చును, పిల్లల కొఱకు మనుష్యునిపై బడవచ్చును. మహారాష్ట్రములో జున్నరు ప్రాంతమున చిరుతలు చెరకుతోటలలోనే పిల్లలను పెట్టుచున్నవి. అచ్చటి అటవీశాఖవారును, పశువైద్యులును నరకువారికి దొరకిన కూనలను పరీక్షించి, సాయంకాలము దొరకిన చోటనే పెట్టెలో ఉంచగా, రాత్రి తల్లి వచ్చి తీసికొనిపోవుట పలుమార్లు జరిగినది. దొరకిన చోటు మారకుండుటయు, మనుష్యులు లేకుండుటయు ఆ పనికి ప్రాణము.

మన రాష్ట్రమున జరిగిన సంగతి యొకటి అందఱు ఎఱిగినదే. 2023వ సంవత్సరము మార్చి నెలలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురము గ్రామమున నాలుగు ఆడ పులికూనలు కనబడినవి. కుక్కలు పైబడకుండ గ్రామస్థులు వానిని ఒక గదిలో భద్రపఱచి, అధికారులకు తెలిపిరి. తెలుపుటయు, హింసింపకుండుటయు శ్లాఘనీయములు. అటవీశాఖవారు తల్లిపులిని వెదకి, కూనలను దానితో కలుపుటకు కొన్ని దినములు పాటుపడిరి, ఫలింపలేదు. తుదకు నాలుగింటిని తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు పంపిరి. ఆ గ్రామస్థులను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కుక్కల నడుమ నాలుగు కూనలు పడియున్నప్పుడు ఎవరైనను అట్లే చేయుదురు. ఒకసారి విడిపోయిన తల్లిపిల్లలను కలుపుట ఎంత కష్టమో, సాధనసంపత్తి గల శాఖకే యెంత దుస్సాధ్యమో తెలియుటకు దీనిని జ్ఞప్తికి తెచ్చితిమి.

కొండప్రాంతముల సోదరులకు ఒక హెచ్చరిక. ఇప్పపువ్వు ఏరుకాలమును, జీడిమామిడి పండుకాలమును ఎలుగుబంటికి కూడ పండుగకాలమే. చలికాలమున ఈనిన ఎలుగు ఈ మాసములందు పిల్లలను వీపుపై నెక్కించుకొని తిరుగును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు తోటలలో ఎలుగుబంట్ల వలన మనుష్యులు ప్రాణములు కోల్పోయిరి. చీకటితో ఒంటరిగా పోవలదు. ప్రొద్దెక్కిన పిమ్మట నలుగురు కలిసి, బిగ్గరగా మాటాడుకొనుచు పొండు. పిల్ల యొంటరిగా కనబడినచో తల్లి పది అడుగులలో నున్నదని యెంచి, తిరిగి చూడక, పరుగెత్తక, వెనుకకు మెల్లగా తొలగుడు. కుక్కను వెంట తీసికొనిపోయినచో అది ఎలుగును రెచ్చగొట్టి, తాను మీ కాళ్లయొద్దకే పరుగెత్తివచ్చును.

పిల్లలను పట్టుకొనువారు మఱియొక సంగతి మరువరాదు. ముంగిస, నక్క, బావురుపిల్లి మొదలగువాని కాటువలన పిచ్చికుక్క వ్యాధి మనుష్యునకు సోకవచ్చును. కఱచినను, గీరినను, వెంటనే సబ్బుతో ధారనీటిక్రింద 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. పసరులు పూయుచు దినములు గడపినచో, వ్యాధి తలయెత్తిన పిమ్మట ప్రాణము నిలుచుట దాదాపు లేదు.

చట్టము కూడ తెలిసియుండవలెను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద వేట యనగా చంపుట మాత్రమే కాదు. పట్టుటయు, వల పన్నుటయు, పక్షుల గ్రుడ్లను పాడుచేయుటయు, గూళ్లను చెదరగొట్టుటయు వేటయే. ఏవిధముగనైనను అట్టి జంతువు చేతికి వచ్చినవాడు 48 గంటలలోపల దగ్గరి పోలీసు ఠాణాకో, అధికారము గల అధికారికో తెలుపవలెను. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును, దుప్పి తెలంగాణ రాష్ట్రమునకును రాష్ట్రజంతువులు. ముచ్చటకై పెరటిలో పెంచుట నేరమగును.

ఇంతవరకు చదివిన రైతు సోదరుడు ఒక ప్రశ్న వేయక మానడు. “అయ్యా, ఆ జింకల మందయే నా సనగచేను మేసిపోయినది. ఆ పందులే నా వేరుసనగ త్రవ్విపోయినవి. వాని పిల్లలకు నేను పైరు విడువవలెనా?” ఈ ప్రశ్న న్యాయమైనది. దీనిని నవ్వి త్రోసివేయువారు చేను దున్ని యెఱుగరు. రోళ్లపాడులో బట్టమేకపిట్ట కొఱకు 1988వ సంవత్సరమున అభయారణ్యము ఏర్పడిన తరువాత కృష్ణజింకలు పెరిగి, చుట్టుపట్ల రైతుల పైరులు మేయగా, వారికి ఆ రక్షణపైననే విముఖత కలిగినది. నారాయణపేట జిల్లాలో కృష్ణాతీరపు రైతులకును ఇట్టి బాధయే. నష్టమంతయు ఒక్క రైతు తలపై వేసి, దయ మాత్రము అందఱి పేర చెప్పుట ధర్మము కాదు.

కాని పసిపిల్లను ఎత్తుకొనిపోయినందువలన పైరుమేత తగ్గునా? తగ్గదు. మంద మందగానే యుండును. పిల్ల మన యింటిలో చచ్చును. పందుల కొఱకు చేని చుట్టు విద్యుత్తు తీగలు పన్నుట అంతకంటె ఘోరము. ఆ తీగలకు తగిలి మన రైతులును, మన పశువులును చచ్చుచుండుట వార్తాపత్రికలలో చదువుచునే యున్నాము. పైరునష్టమునకు మార్గము, కలిగిననాడే ఫోటోతోను, సాక్షులతోను, కొలతలతోను అర్జీ పెట్టి పరిహారము కోరుట. ఒంటరి రైతు అర్జీ వ్రాయలేక, వ్రాసినను వెంట తిరుగలేక విడిచివేయును. అందుకే గదా మనకు సంఘమున్నది! సంఘ కార్యదర్శులు ఈ అర్జీలను విత్తనరుణపు అర్జీల వలెనే శ్రద్ధతో వ్రాసి పంపి, తీర్మానము అగువరకు వెంటబడవలెనని మా అభిప్రాయము.

ఇక పిల్ల కొఱకు విడిచిన పైరు వెల యెంతయో లెక్క చూతము. ఎకరమునకు 4,840 చదరపు గజములు. ఐదు గజముల చదరమనగా 25 చదరపు గజములు. అది యెకరములో ఇంచుమించు 194వ వంతు. ఎకరమునకు 8 క్వింటాళ్ల జొన్న పండినదనుకొన్నను, ఆ మడిలోని ధాన్యము నాలుగు కిలోలకు కొంచెము పైన. అదియు పోవునది కాదు. రెండు దినములు ఆగి కోసికొనవచ్చును. పోవునది ఒకపూట కూలీ మాత్రమే. ఆ కూలీయైనను రైతు ఒక్కడే భరింపనక్కరలేదు. సంఘపు లాభములలో ప్రజాహిత కార్యములకు తీసియుంచు సొమ్మునుండి ఇచ్చినచో ఏ సంఘమునకును బరువు కాదు. ఇచ్చిన రైతునకు మాత్రము ఊరంతయు తన వెంట నున్నదను ధైర్యము కలుగును.

కావున రానున్న సర్వసభ్య సమావేశమునకు మేము ఐదు తీర్మానములను సూచించుచున్నాము. మొదటిది, పసికూన కొఱకు పైరు విడిచిన సభ్యునకు ఆ కూలీని సంఘము చెల్లించుట. రెండవది, సంఘము అద్దెకిచ్చు కోతయంత్రములు చేని నడుమనుండి ప్రారంభించి అంచులకు కోయునట్లు నడుపువారికి ఆజ్ఞాపించుట. అంచులనుండి లోపలికి కోసినచో జంతువులు నడుమ చిక్కుకొని చచ్చును. మూడవది, కొయ్యకాళ్లను, చెరకు ఆకును తగులబెట్టుట మానునట్లు బోధించుట. నిప్పు పెట్టిన చేనిలో కుందేటిపిల్లయు, కౌజుపిట్ట గ్రుడ్లును తప్పించుకొను త్రోవ లేక మాడును. ఆ యాకు నేలలో కలిసినచో సారమగునని మేము ఎన్నిమారులో చెప్పియున్నాము. నాలుగవది, ఒరలేని బావులకు చుట్టుగోడ కట్టుకొను సభ్యులకు స్వల్పవడ్డీకి రుణమిచ్చుట. ఆ గోడ జింకపిల్లకంటె ముందు మన బిడ్డలను కాచును. ఐదవది, ఆ ప్రాంతపు అటవీశాఖ బీటు అధికారి ఫోను సంఖ్యను, పశువైద్యుని ఫోను సంఖ్యను సంఘ కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుట.

ఇందులో ఏదియు గొప్ప వ్యయముతో కూడినది కాదు. కావలసినది ఓపిక. పసిపిల్లను చూడగానే చేతులు చాపుట మనిషి స్వభావము. అది మంచి స్వభావమే. దానిని వలదనుట లేదు. చేతులు చాపుటకు ముందు ఒక రాత్రి ఆగుమని మాత్రము కోరుచున్నాము. రైతునకు ఆగుట క్రొత్త కాదు. విత్తనము వేసి మొలకకై ఆగును; మబ్బు చూచి వానకై ఆగును. మొలక వచ్చినదా యని నేల త్రవ్వి చూచువానిని మనము రైతనము.

ఆ గొఱ్ఱెలకాపరి వృద్ధుడు ఇప్పుడు లేడు. అతని మనుమడు ఆ గ్రామముననే సేద్యము చేసికొనుచున్నాడు. గత సంవత్సరము కోతలలో అతడు మమ్ము గట్టుమీదనే ఆపి, “అటు పోవద్దు సారూ, ఆ మూల జింకపిల్ల పండుకొనుండాది. రేపు కోస్తాము” అని చెప్పెను. కోసిన చేని నడుమ చిన్న మడి యొకటి నిలిచియున్నది. దాని యంచున ఎఱ్ఱగుడ్డ కట్టిన కఱ్ఱ. మేము ఆ వంకకు పోలేదు. మరునాడు పొద్దున అతడే ఫోను చేసి, మడి ఖాళీగా నున్నదనియు, జొన్న కోసితిమనియు తెలిపెను. ప్రతి గ్రామమునుండియు ఇట్టి వార్త వినవలెనని మా కోరిక.